చెంగావి కట్టిన సద్ది

ఒకప్పుడు ఆవుపాలన్నీ ఒకటే తీరుగా ఉండేవి. ఈనిన పూట పిండినా, ఆరు నెలల తర్వాత పిండినా అవే తెల్లని, పలచని పాలు. దూడలు కడుపునిండా తాగేవి గానీ వాటికి బలం పట్టేది కాదు. కాస్త చలిగాలి తగిలితే వణికేవి. పారుడు రోగం పట్టి, నాలుగు రోజులు తిరక్కుండానే చాలా దూడలు కళ్లు మూసేవి.

ఆ రోజుల్లో ఓబులక్క అనే రైతమ్మ ఇంట్లో చెంగావి అనే ఎర్రావు ఉండేది. చెంగావి అప్పటికి రెండుసార్లు ఈనింది. రెండు దూడలూ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నిండుచూడితో ఉంది. ఓబులక్క పొద్దునే వచ్చి దాని వీపు నిమిరి, "ఈసారన్నా నీ బిడ్డ నిలబడాల తల్లీ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా చెంగావికి నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయేది.

అదే కొట్టంలో ఒక మూల గంపలో నల్లపెట్ట పన్నెండు గుడ్లు పొదుగుతోంది. ఒకనాడు గుడ్లు టకటకా పగిలాయి. పదకొండు పిల్లలు బయటికొచ్చాయి. కొట్టమంతా కిచకిచ.

ఓబులక్క నూకలు చల్లింది. పిల్లలు ముట్టలేదు. మర్నాడూ పెద్దగా తినలేదు. అయినా చెంగావి కాళ్ల సందున దూరి ఒకటే పరుగులు.

చెంగావి చూసి చూసి అడిగింది. "వదినా, నీ పిల్లలు నిన్నటినుంచి సరిగా తినలేదు. నీకు దిగులుగా లేదా?"

"దిగులెందుకు వదినా? దారిలో తినడానికి సద్ది కట్టే పంపించాను కదా" అంది నల్లపెట్ట, రెక్కలు దులుపుకుంటూ.

"సద్దా? ఎక్కడ?"

"గుడ్డులో పచ్చసొన ఉంటుంది చూడు, అదే. దాన్ని పొట్టలో దాచుకునే బయటికొస్తారు. కొత్తగా లోకంలోకి వచ్చిన పసివాళ్లు, వచ్చీ రాగానే ఏం వెతుక్కుంటారు పాపం? రెండు రోజులు ఆ సద్దే వాళ్లకు బలం. మరి నువ్వు నీ బిడ్డకు ఏం కడతావు?"

చెంగావి నెమరు వేయడం ఆపేసింది. "నేనేమీ కట్టను వదినా. పాలున్నాయి కదా అనుకున్నాను."

"పాలు రోజూ ఉండేవే. అవి ఇంట్లో తినే అన్నం. సద్ది వేరు."

చెంగావి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నా బిడ్డలిద్దరినీ వట్టి చేతులతో పంపించానన్నమాట."

నల్లపెట్ట నొచ్చుకుంది. గంపలోకి పోయి కూర్చుంది. అక్కడ పన్నెండో గుడ్డు ఇంకా పగలకుండానే ఉంది. ఇవాళో రేపో అని నల్లపెట్ట దాన్ని ఆశగా పొదుగుతూనే ఉంది. గుడ్డుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. లోపల చప్పుడు లేదు.

చివరికి ముక్కుతో ఆ గుడ్డును మెల్లగా దొర్లించుకుంటూ తెచ్చి చెంగావి ముందు పెట్టింది.

"ఇందులో పిల్ల పడలేదు వదినా. సద్ది మాత్రం అట్లాగే ఉంది. ఎవరికోసం కట్టానో వాళ్లు రాలేదు. నీ బిడ్డకు ఇస్తాను, తీసుకో."

గడ్డి వేయడానికి వచ్చిన ఓబులక్క, నల్లపెట్ట అడగగానే గుడ్డు పగలగొట్టి అరచేతిలో పోసింది. చెంగావి గరుకు నాలుకతో ఒక్క చుక్క కూడా వదలకుండా నాకేసింది. పక్కింటి గేదె సంగతి తెలిసి ఊగుతూ ఊగుతూ వచ్చేసరికి పెంకు మాత్రమే మిగిలింది. పోనీలే అని అది పెంకునే నాకింది.

ఆ మధ్యాహ్నమే చెంగావి ఈనింది. పెయ్యదూడ. తడితడిగా, వణుకుతూ ఉంది. ఓబులక్క చన్ను పట్టి పిండి చూసింది. చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పాలు పసుపు కలిపినట్టు పచ్చగా, తేనెలా చిక్కగా ఉన్నాయి.

"అయ్యో, పాలు చెడిపోయినట్టున్నాయే. ఇవి పారబోసి, పక్కింట్లో తెల్లపాలు అడిగి తెస్తా" అని లేచింది.

చెంగావి కదిలి వాకిలికి అడ్డంగా నిలబడింది. "చెడిపోలేదక్కా. ఇదే నా బిడ్డకు సద్ది. తాగనీ."

"పొద్దు వాలకముందే తాగించక్కా" అంది నల్లపెట్ట గంపలోనుంచి. "సద్ది బయల్దేరేటప్పుడే చేతికియ్యాల. ఆలస్యమైతే ఎందుకూ కొరగాదు."

ఓబులక్క గుండె దిటవు చేసుకుని దూడ మూతిని పొదుగుకు ఆనించింది. దూడ చప్పరించింది. ఇంకోసారి చప్పరించింది. తోక ఊపుతూ గుటుకు గుటుకున తాగింది. కాసేపటికి వణుకు తగ్గింది. వాలిన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మర్నాడు చలిగాలి వీచింది. దూడ తుమ్మనైనా తుమ్మలేదు. మూడో రోజు కొట్టమంతా చెంగనాలు వేసింది. నాలుగు రోజులు దాటాయి, వారం దాటింది. చెంగావి దూడను నాకుతుంటే ఓబులక్క పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

దూడ తాగగా మిగిలిన పాలను ఓబులక్క రెండో రోజే పిండి పొయ్యిమీద పెట్టింది. పాలు పొంగలేదు. గుడ్డుసొన కలిసిన పాలాయె, సెగ తగలగానే గడ్డకట్టాయి. బెల్లం, మిరియాల పొడి వేసి నోట్లో పెట్టుకుంటే కమ్మగా కరిగిపోయింది. ఓబులక్క గిన్నెలకెత్తి వీధి వీధంతా పంచింది. మొదటి ముద్ద నల్లపెట్ట పిల్లలకే.

ఒక్క గుడ్డు సొన ఎన్నాళ్లని వస్తుంది? రోజురోజుకూ పసుపు తగ్గి, ఐదారు రోజులకు పాలు మామూలుగా తెల్లబడ్డాయి. పెరిగి పెద్దదై ఈనినప్పుడు ఆ పెయ్యదూడకూ మొదట పచ్చని పాలే పడ్డాయి. దాని కూతుళ్లకూ, మనవరాళ్లకూ అంతే.

అప్పటినుంచే ఆవు ఈనగానే ముందు పచ్చని, చిక్కని ముర్రుపాలు వస్తాయి. పొయ్యిమీద పెడితే జున్నవుతాయి. గేదె పెంకు మాత్రమే నాకింది గనుక దాని ముర్రుపాలలో పసుపు తక్కువ. జున్నంటే ఎంత ఇష్టమున్నా సరే, దూడ కడుపు నిండాకే మనం గిన్నె పట్టుకుంటాం.