కాకి ముట్టిన ఎండచేప

ఈ కథను నాకు చెప్పినవారు భీమునిపట్నంలో నలభై ఏళ్లు పడవ నడిపిన మైలపిల్లి ఎర్రన్న గారు. ఆయన దీనిని తన మేనత్త వద్ద విన్నారట. నేను విన్న వరుస తప్పకుండా మీకు చెబుతున్నాను, పిల్లలూ.

అనగనగా, అడవులకు చాలా దూరంగా, నడిసముద్రంలో ఒక ఎండచేప ఉండేది. ఎండబెట్టిన చేప కాదు, ఆ పేరున్న పెద్ద సముద్రపు చేప. ఇంటి తలుపంత వెడల్పు. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. వెనుక తోకే లేదు. నోరు పూర్తిగా మూతపడదు కనుక ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే కనిపించేది.

వెండిలా మెరిసే వంజరం చేప ఒకటి ఎదురైనప్పుడల్లా ఎగతాళి చేసేది. "ఏమమ్మా, మిగతా సగం ఎక్కడ మరిచిపోయి వచ్చావు?"

ఆ సిగ్గుతో ఎండచేప లోతుల్లోనే దాగింది. అక్కడ జెల్లీచేపలు కావలసినన్ని దొరికేవి. కానీ ఒకటే చలి. మొదట రెక్కలు బిగిశాయి. తరువాత ఒంటికి పురుగులు పట్టాయి. చివరకు ఆకలి కూడా పోయింది. ఇలాగే ఉంటే ప్రాణం దక్కదని దానికి తెలిసింది.

దారిన పోతున్న ముసలి తాబేలు సంగతంతా విని ఉపాయం చెప్పింది. నీటి పైకి వెళ్లి, ఒక పక్కకు వాలి, ఎండలో పడుకోవాలి. సముద్రపు కాకిని పిలిచి పురుగులు ఏరించుకోవాలి.

"మామ్మా, కాకి ముట్టేది పోయినవారి పిండాన్ని కదా. నలుగురూ నవ్వరా?" అంది ఎండచేప.

"నవ్వుతారమ్మా. కానీ నవ్వేవారెవరూ వచ్చి నీ పురుగులు ఏరరు" అంది తాబేలు.

ఎండచేప పైకి బయలుదేరింది. మొదటిసారి వంజరం నీడ చూసి వెనుదిరిగింది. రెండవసారి తన నీడనే చూసి వెనుదిరిగింది. మూడవసారి కళ్లు గట్టిగా మూసుకుని పైకి వచ్చి, పళ్లెంలా పక్కకు వాలి, రెక్క ఎత్తింది.

సముద్రపు కాకి వచ్చి పక్కన వాలింది. అది మర్యాద తెలిసిన పక్షి. "తల్లీ, తమరు పోయారా, ఉన్నారా? ఉన్నవారిని అడగకుండా ముట్టడం మా వంశంలో లేదు" అంది.

"ఉన్నాను. ఇంకా ఉండాలనే వచ్చాను" అంది ఎండచేప.

కాకి తన బంధువులందరినీ పిలిచి పురుగులు ఏరడం మొదలుపెట్టింది. ముక్కు తగిలిన ప్రతిచోటా చక్కిలిగింతలే. వంజరం పరుగున వచ్చి, బతికుండగానే కాకులకు పెట్టుకుంటున్నావా అని అడిగింది. చేపలన్నీ నవ్వాయి. ఎండచేపా నవ్వింది. నోరు ఎలాగూ తెరిచే ఉంది కనుక అందరికంటే పెద్దగా నవ్వింది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. ఆకలి కూడా వేసింది.

ఇక ఎవరేమయ్యారో చెప్పి ముగిస్తాను. ఎర్రన్న గారు ఇప్పుడు ఒడ్డున వలలు అల్లుతూ ఈ కథే చెబుతుంటారు. తాబేలు ఏటా అదే ఇసుకలో గుడ్లు పెట్టి వెళుతోంది. కాకికి "అడిగి ముట్టే కాకి" అని పేరొచ్చింది. ఎండచేప మరుసటి ఏడు ముప్పై కోట్ల గుడ్లు పెట్టింది. పిల్లలు ఒక్కొక్కటీ ఆవగింజంతే. ఇక వంజరం. దాని మొప్ప కింద కూడా ఎన్నాళ్లుగానో ఒక పురుగు ఉండేదట. ఇప్పుడు అదీ పైకి వచ్చి పక్కకు వాలుతోంది. కాకపోతే, వాలే ముందు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ ఒకసారి చూసుకుంటుంది.

నీతి: నలుగురి నవ్వుకు వెరచి దాచిన బాధ పెరుగుతుంది, నోరు తెరిచి సాయమడిగితే తీరుతుంది.