హైమవతి గారి కత్తుల రాణి

దైవాధీనం మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా ముందు వాళ్ళ ముక్కల కట్ట ఇమ్మంటారు. దాన్ని బల్లమీద తట్టి అంచులు సరిచేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, కట్టని పక్కనుంచి కాసేపు చూస్తారు. మాట ఆ తర్వాతే. కాకినాడ జగన్నాథపురంలో ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలకి బైండింగ్ చేస్తున్న మనిషి ఆయన. ఎప్పుడో ఒక పెద్దమనిషి అట్ట ఊడిన పుస్తకం ఒకటీ, దానికి జతగా జోస్యం చెప్పే టారో ముక్కల కట్టా ఇచ్చి వెళ్ళి, రెండింటి కోసమూ మళ్ళీ రాలేదు. కుట్టిన పుస్తకం ఊరికే పడి ఉందని మాస్టారు చదవడం మొదలుపెట్టారు. అలా పట్టుబడిన విద్య అది. రుద్రాక్షలూ, గంధం బొట్టూ లేవు. ఆయన చేతులకెప్పుడూ మైదా జిగురు వాసనే. అయినా శిష్యులు ఎనిమిది మంది చేరారు. గురువారం మధ్యాహ్నాలు బైండింగ్ షాపులోనే పాఠం. కట్టని పక్కనుంచి చూడటమెందుకని ఎవరూ ఆయన్ని అడగలేదు. పాత పని చాదస్తం పోలేదనుకునేవారు. హైమవతి కూడా అలాగే అనుకుంది.

ఆ గురువారం హైమవతి పాఠానికి గంట ముందే వచ్చేసింది. మిగతావాళ్ళ ముందు అడగడం ఇష్టం లేదు. కుర్చీలో కూర్చుంటూనే అడిగింది.

“మాస్టారూ, కొలువు ముక్క పడితే అది బయటి మనిషా, అడిగినవాళ్ళేనా? ఎలా తెలుసుకోవడం?”

టారో ఎరగనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆ కట్టలో డెబ్భై ఎనిమిది ముక్కలుంటాయి. కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు అని నాలుగు రంగులు. రంగుకొక రాజు, రాణి, గుర్రమెక్కిన రౌతు, నిలబడి ఉండే బంటు. ఈ పదహారింటినీ మాస్టారి దగ్గర కొలువు ముక్కలంటారు. మిగతా ముక్కలు జరిగే సంగతి చెబితే ఇవి మనిషిని చూపిస్తాయి. ఏ మనిషిని అన్నదే తంటా. ఎదురింటావిడ కావచ్చు, ఆఫీసులో పై అధికారి కావచ్చు, అడగడానికి వచ్చిన మనిషి లోపలి గుణమే కావచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా తడబడేది ఇక్కడే. కాబట్టి హైమవతి ప్రశ్న చక్కగా పాఠానికి సంబంధించినదే.

పాఠానికి సంబంధించనిది ఆవిడ చేతిసంచిలోని ఫోనులో ఉంది. కూతురికి రాసి, పంపకుండా ఆపి ఉంచిన సందేశం. “ఆదివారం సీమంతానికి నేను రాను. మీ అత్తగారున్నారుగా, అన్నీ ఆవిడే చేస్తారు. ఇకనుంచి ఆవిడే మీ అమ్మ అనుకో. నాకు కూతురు లేదనుకుంటాను.” కొలువు ముక్క బయటి మనిషేనని మాస్టారు అన్నారంటే ఆ సాయంత్రమే పంపెయ్యాలని నిశ్చయించుకుని వచ్చింది.

కూతురు ప్రణతికి తొమ్మిదేళ్ళప్పుడు హైమవతి భర్త పోయాడు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా పిల్లని ఒక్కతే పెంచింది. పిల్ల పెళ్ళయి రాజమండ్రి వెళ్ళింది. ఇప్పుడు ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లోనే కదా అని హైమవతి ముందుగదికి రంగు వేయించింది, అటక మీది ఉయ్యాల దింపించి తుడిచింది, మెత్తబడిన నూలు చీరలు చింపి పక్కగుడ్డలు కుట్టింది. ఇంతలో ప్రణతి ఫోన్ చేసి, డాక్టరమ్మ ప్రయాణాలు వద్దందనీ, ఆస్పత్రి తమ వీధి చివరే ఉంది కాబట్టి కాన్పు అక్కడే అయితే బాగుంటుందనుకుంటున్నామనీ చెప్పింది. ఆ తర్వాత ఇంకా ఏదో కూడా చెప్పింది. హైమవతి మనసు అప్పటికే అక్కడ లేదు. ఈ ఆలోచన ఎవరిదై ఉంటుందో వెతుక్కుంటూ వెళ్ళి వియ్యపురాలి దగ్గర ఆగింది.

వియ్యపురాలి పేరు వసుంధర. ఆవిడ మీద తనకున్నది అసూయ అంటే హైమవతి ఒప్పుకోదు. కాని అది అసూయే, పచ్చి అసూయ. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలినప్పుడు ప్రణతి ఆ మాట ముందు అత్తగారికి చెప్పిందట. పక్క గదిలో ఉన్న మనిషికి చెప్పక, రెండు గంటల బస్సు దూరంలో ఉన్న మనిషికి ముందు చెబుతారా ఎవరైనా? ఈ సంగతి హైమవతికి తెలియక కాదు. తెలిసినా మంట తగ్గలేదు. పది రోజుల కింద అల్లుడు ఒక ఫోటో పంపాడు. ప్రణతి నేలమీద కూర్చుంటే, వసుంధర వెనక కుర్చీలో కూర్చుని తలకి నూనె రాసి జడ వేస్తోంది. హైమవతి ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి మరీ చూసింది. పాపిడి వంకరగా తీసింది వసుంధర. ఆ వంకర చూసి హైమవతికి కాస్త తృప్తి కలిగింది. పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా నవ్వుతుండటం చూశాక ఆ తృప్తి కాస్తా పోయి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ రోజే ముక్కలు వేసుకుంది. కూతురి పేరిట కప్పుల బంటుని తీసి బల్లమీద పెట్టింది. ఆ బంటు చేతిలో కప్పు, కప్పులోంచి తొంగిచూస్తున్న చేపపిల్ల. కడుపుతో ఉన్న పిల్లకి ఇంతకన్న తగిన ముక్క లేదనుకుంది. మిగతా కట్టని కలిపి, రెండుగా ఎత్తి, చేతిలోకి వచ్చిన సగానికి అడుగున ఏ ముక్క ఉందో చూసింది. మాస్టారు నేర్పిన పద్ధతి అది. కత్తుల రాణి పడింది. చేతిలో నిలువుగా ఎత్తి పట్టుకున్న కత్తి, పక్కకి తిప్పుకున్న మొహం. పిల్ల పక్కన కత్తి పట్టుకు కూర్చున్నది ఎవరో హైమవతికి ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. మాస్టారు చెప్పగా నోటుపుస్తకంలో రాసుకున్న అర్థం కూడా ఉంది: “భర్తని పోగొట్టుకుని ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిన స్త్రీ. మాట పదును.” మాట పదును అన్నది పట్టుకుంది. పెళ్ళినాడు పప్పులో ఉప్పు తక్కువైందని అన్నది వసుంధరే కదా. వసుంధర భర్త మాత్రం మీసాలు దువ్వుకుని రోజూ పొద్దున్నే గోదావరి గట్టున నడుస్తూ నిక్షేపంగా ఉన్నాడు. ఆ సంగతి హైమవతి లెక్కలోకి రాలేదు.

అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అదే పని. ఆ రాణిని తీసి మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి నిలబెట్టేది. మనసులోనే దానితో పోట్లాడేది. నా పిల్లకి జడ వెయ్యడానికి నువ్వెవరు అనేది. తొమ్మిదేళ్ళ పిల్లకి జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నది నువ్వా నేనా అనేది. అంతా అయ్యాక ముక్కని తిరిగి కట్టలో పెట్టి, బాగా కలిపి, మళ్ళీ ఎత్తి చూసేది. పదకొండు సార్లలో తొమ్మిది సార్లు కత్తుల రాణే వచ్చింది. ఇంతకన్న సాక్ష్యమేం కావాలి అనుకుంది.

ఇదంతా మాస్టారితో చెప్పలేదు. ఒకే రాణి మళ్ళీ మళ్ళీ వస్తోందని, పదకొండుకి తొమ్మిది సార్లని మాత్రం చెప్పింది. రెండు నెలలుగా ప్రతి గురువారం ఏదో ఒక వంకన వసుంధర ప్రస్తావన తెస్తూనే ఉంది కాబట్టి అది ఎవరి గొడవో తెలియనివాళ్ళు ఆ షాపులో లేరు. రహస్యమనుకున్నది ఆవిడ ఒక్కతే.

మాస్టారు కట్ట ఇమ్మని చెయ్యి చాచారు. మామూలుగానే అంచులు తట్టి, పక్కనుంచి చూశారు. ఈసారి కాస్త ఎక్కువసేపు చూశారు. అంతలో పూలమ్మే నూకాలమ్మ బుట్టతో గుమ్మంలోకి వచ్చింది. షాపులో దేవుడి పటానికి రోజూ మూర పూలు ఆవిడే ఇస్తుంది. మాస్టారు ఆవిణ్ణి లోపలికి రమ్మని, కట్టని బాగా కలిపి బల్లమీద పెట్టి, రెండుగా ఎత్తమన్నారు. నూకాలమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని, ఆయ్ అంటూ ఎత్తింది. అడుగున కత్తుల రాణి.

హైమవతికి చిత్రంగా గెలిచినట్టు అనిపించింది. మాస్టారు ముక్కని మళ్ళీ కట్టలో ఎక్కడో దూర్చి, మరోసారి కలిపి, తనే ఎత్తారు. కత్తుల రాణి. మళ్ళీ కలిపి నూకాలమ్మకి ఇచ్చారు. మళ్ళీ అదే.

నూకాలమ్మ ఆ బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది. “ఎవరండీ బాబూ ఈవిడ, కత్తట్టుకుని కూకుంది? పాపం, పక్కనెవరూ లేరేటండీ?” అని, పూలు పటానికి పెట్టి, బుట్టెత్తుకుని తన దారిన తను పోయింది.

“నూకాలమ్మకి ఇద్దరూ మగపిల్లలే, ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు,” అన్నారు మాస్టారు. “ఆవిడకి వియ్యపురాలు లేదమ్మా.”

మాస్టారు ముక్కని కట్టలో కలిపి, కట్టని బల్ల అంచున పెట్టి, తనలాగే వంగి పక్కనుంచి చూడమన్నారు. ఆవిడ మోకాలి నొప్పితోనే వంగింది. కొత్త పుస్తకం అంచులా తెల్లగా, ఒత్తుగా ఉన్నాయి ముక్కలన్నీ. మధ్యలో ఒక్కచోట మాత్రం దారం పట్టేంత సందు ఉంది. అందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. మాస్టారు కాగితాల మడతలు నొక్కే చెక్కబద్దని ఆ సందులోకి పోనిచ్చి, పై ముక్కలు ఎత్తి తిప్పారు. రాణిని తీసి బల్లమీద వేశారు. అది బల్లకి ఆనలేదు. రెండంచులూ పైకి లేచి, వేలు తగిలితే ఉయ్యాలలా ఊగింది. దాని పక్కన ఇంకో పది ముక్కలు పరిచారు. అన్నీ చదునుగా పడుకున్నాయి. ఎవరు ఎత్తినా కట్ట విడిపోయేది ఆ వంపు దగ్గరేనని వేరే చెప్పనక్కర్లేదు.

“దేనికి ఆనించారమ్మా?” అని అడిగారు మాస్టారు.

ఎవరి కంటా పడలేదనుకున్న మధ్యాహ్నాలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో బల్లమీదికి వచ్చి పడ్డాయి హైమవతికి. ఆ వంపు ఏ గుండ్రానిదో ఆవిడకి బాగా తెలుసు. మంచినీళ్ళ గ్లాసుకి అని చెప్పింది. చెప్పాక తల ఎత్తలేకపోయింది.

ముక్కని చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ కత్తి పట్టుకున్న చేతినే చూసింది తను. రాణికి రెండో చెయ్యి కూడా ఉంది. ఎవరినో దగ్గరికి రమ్మన్నట్టు చాచి ఉంది. రాణి పక్కన ఎవరూ లేరు. భర్తని పోగొట్టుకుని ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిన స్త్రీ అని తన చేతిరాతతో తనే రాసుకుంది. ఆ వాక్యం సగం దగ్గర్నుంచి చదివింది ఇన్నాళ్ళూ. సగమే విన్న మాట ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు ఫోనులో ప్రణతి, కాన్పు ఇక్కడే అన్నాక ఆగలేదు. నువ్వే వచ్చి నాలుగు నెలలు నా దగ్గరుండమ్మా, అత్తయ్య పెరటి గది నీకోసం ఖాళీ చేయించింది, కింద పడుకోలేవని మంచం కూడా వేయించింది అని చెప్పింది. అదీ చెవిన పడింది. పడ్డదాన్ని పట్టించుకోలేదు.

“మా అమ్మాయి నన్ను రమ్మంది మాస్టారూ,” అంది హైమవతి. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

మాస్టారు ఆవిడ చేతిలోంచి ముక్కని తీసుకుని, రెండు దళసరి అట్టల మధ్య పెట్టి, పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సులో ఉంచి, చక్రం తిప్పి బిగించారు. హైమవతి సంచిలోంచి ఫోను తీసింది. రాసిపెట్టిన నాలుగు వాక్యాలనీ ఒక్కసారిగా తీసెయ్యడం ఎలాగో ఆవిడకి తెలియదు. చివరి నుంచి ఒక్కొక్క అక్షరమే తుడుచుకుంటూ వచ్చింది. తన కూతురు తనకి లేదన్న మాటే ముందు పోయింది. అంతా పోయాక, ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నానని రాసి పంపింది. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆ వంకర పాపిడి ఇంకా కళ్ళముందు మెదులుతూనే ఉంది. తనైతే సూటిగా తీసి ఉండేది. వెళ్ళాక ఆ మాట అనకుండా ఉండగలనా అని ఆవిడకి గట్టి అనుమానమే ఉంది.

బయట మిగతా శిష్యుల మాటలు వినిపిస్తున్నాయి. హైమవతి లేచి మొహం తుడుచుకుని, ప్రెస్సు వంక చూస్తూ నిలబడింది. కట్టలో ఒక ముక్క తక్కువైంది కదా, అది సరయ్యేదాకా ముక్కలు వెయ్యకూడదు కాబోలు అనుకుంది.

“ఆ వంపు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు చేతులకి అంటిన జిగురు గుడ్డతో తుడుచుకుంటూ, నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుని ఆవిణ్ణి చూశారు.

“ముక్కకైతే మూడు రోజులు చాలమ్మా.”