తాత వంతు

మౌలాలి ఇంటి ఖర్చు తగ్గించే పనికి పూనుకుని రెండు నెలలైంది. తగ్గించాడు కూడా. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. అదెట్లా జరుగుతోందో అతనికి ఎంత ఆలోచించినా బోధపడలేదు.

అతను రాళ్ళపేటలో దూదేకుతాడు. భుజాన విల్లు వేసుకుని వీధి వీధి తిరుగుతాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తాడు. పెళ్ళిళ్ళ కాలంలో తీరిక లేనంత పని. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పెళ్ళిళ్ళు తగ్గాయి, పరుపులూ తగ్గాయి. ఇంట్లో తినేవాళ్ళు మాత్రం అయిదుగురికి అయిదుగురూ ఉన్నారు. తను, భార్య కాశింబీ, తల్లి లాలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు.

అంతవరకూ అంగడి పనీ వంటింటి డబ్బాల పెత్తనమూ కాశింబీవే. ఒకనాడు మౌలాలి ఆ డబ్బాలన్నీ దించి మూతలు తీసి చూశాడు. ఇంత నూనె ఎందుకన్నాడు, ఇంత బెల్లం ఎవరికన్నాడు. ఆడవాళ్ళ చేతిలో డబ్బు నీళ్ళలా పోతుందని, ఇకమీదట సరుకులు తానే తెస్తానని చెప్పాడు. కాశింబీ అతని మొహం ఒకసారి చూసి, సరేనని డబ్బాలన్నీ అతని వైపు జరిపింది.

ఆ రోజు నుంచి ఇంట్లోకి బియ్యానికి బదులు నూకలొచ్చాయి. కందిపప్పు ఆదివారానికి పరిమితమైంది. బెల్లం బంద్. నెయ్యి పేరెత్తకూడదు. నూనె అతనే గరిటెతో కొలిచి పోసేవాడు. సంతకు పొద్దు వాలాక, అమ్మేవాళ్ళు గోతాలు దులుపుకునే వేళకు పోయి, అడుగున మిగిలిన వంకాయలు కారుచవకగా తెచ్చేవాడు. కాశింబీ పుచ్చులు కోసి పారేస్తే మిగిలేవి పిడికెడు. అయినా ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి తన పద్ధతి బాగుందనుకున్నాడు మౌలాలి.

ఊరి బయట గుట్ట కింద మదారు తాత ఉండేవాడు. ఆయన ఫకీరు. ముసల్మానులూ హిందువులూ అందరూ ఆయన్ని తాత అనే పిలిచేవాళ్ళు. ప్రతి గురువారం సాయంత్రం శిష్యులు పదీ పదిహేను మంది ఆయన చావిడిలో చేరేవాళ్ళు. తాత బోధించేది తక్కువ. ఎవరికైనా చిక్కు వస్తే, చిక్కు ఉన్న చోటికి లేచి వాళ్ళతో పాటు నడిచిపోయేవాడు.

ఆ గురువారం మౌలాలి తన పొదుపు సంగతంతా చావిడిలో పూసగుచ్చినట్టు చెప్పాడు. నూనె కొలత చెప్పాడు, వంకాయల బేరం చెప్పాడు. వింటున్నవాళ్ళు తలలూపారు. కుండలు చేసే ఓబన్న అయితే, ఇంటికి పోగానే నెయ్యి గిన్నె దాచిపెడతానన్నాడు. మౌలాలికి ఉత్సాహం పెరిగింది.

"మా అమ్మ కూడా మారిపోయింది తాతా," అన్నాడు. "సోమవారం, గురువారం ఒక్కపొద్దు ఉంటోంది. ఈ వయసులో అంత భక్తి."

అప్పటిదాకా నవ్వు మొహంతో వింటున్న తాత వేళ్ళ మధ్య జపమాల ఆగింది.

"ఇది రంజాను నెల కాదు గదా నాయనా."

"కాదు తాతా. తనంతట తనే పట్టింది."

మౌలాలి అసలు సంగతికి వచ్చాడు. ఇంత చేసినా చేతిలో పైసా నిలవడం లేదని, ఇంటికేదో దిష్టి తగిలినట్టుందని, బర్కతు కలిగి ఉన్నది నిలిచేట్టు ఒక తాయెత్తు రాసిస్తే గుమ్మానికి కట్టుకుంటానని అడిగాడు.

"చిల్లి ఎక్కడుందో తెలీకుండా తాయెత్తు ఎక్కడ కట్టేది?" అన్నాడు తాత. "సోమవారం వస్తా. పొద్దున్నుంచీ నీతోనే ఉంటా. నువ్వు తినేటప్పుడు నాకూ పెట్టు, చాలు."

సోమవారం తెల్లారగానే తాత వచ్చేశాడు. భుజం మీద తువ్వాలు తప్ప చేతిలో ఏమీ లేదు. లాలమ్మ గడప పక్కన కూచుని పాత దూదిలో గింజలు ఏరుతోంది. ఆయన్ని చూసి లేవబోయి, గోడ పట్టుకుని ఆగింది. బాగున్నావా లాలమ్మా అని పలకరిస్తే, బాగున్నాను మదారన్నా, ఈ రోజు ఒక్కపొద్దు అంది. ఆ మాట గొంతులోంచి పైకి రావడానికి కొంచెం సేపు పట్టింది.

తాత వంటింటి వైపు తిరిగి, ఇంట్లో ఏముంది తల్లీ అని అడిగాడు.

కాశింబీ తలమీద కొంగు సర్దుకుని, "లెక్క ఉంది తాతా," అంది.

ఆ మాటకు తాత కళ్ళు చిన్నవయ్యాయి, నవ్వాపుకుంటున్నట్టు. మౌలాలికి మాత్రం భార్య తనను మెచ్చుకున్నట్టే వినిపించింది.

నూకల సంగటి, పలచటి పచ్చిపులుసు పెట్టింది. తాత తన ముద్ద అంతా తిన్నాడు. మౌలాలి సగం తిని, పిల్లలకు వినపడేట్టు నాకింక చాలని, మిగతా సగం వాళ్ళ వైపు జరిపాడు. రోజూ అట్లాగే చేసేవాడు. ఇంటిపెద్ద తక్కువ తింటే పిల్లలకు అదే అలవాటవుతుందని అతని నమ్మకం. తరువాత విల్లు భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ బయల్దేరారు.

వీధి మలుపు తిరగ్గానే బస్టాండు దగ్గర టీ హోటలు. మౌలాలి కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. రెండు టీలు చెప్పబోతే తాత వద్దన్నాడు.

"నువ్వు తాగు నాయనా. నా వంతుకు ఆ పక్కంగట్లో బెల్లం ముక్క ఇప్పించు."

ముసలాయనకు తీపి మీద మనసు పోయిందనుకుని మౌలాలి ఇప్పించాడు. తాత దాన్ని నోట్లో వేసుకోలేదు. తువ్వాలు కొంగున కట్టుకున్నాడు.

కోమట్ల వీధిలో ఒక పరుపు పని దొరికింది. దూది ఏకి ఏకి చేతులు నొప్పెట్టాయి. పొద్దున తిన్న సగం ముద్ద ఎప్పుడో కరిగిపోయింది. మౌలాలి రోజూ ఆ వేళకు బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తినేవాడు. ఆ రోజూ తిన్నాడు. తాతకు ఆకలి లేదట. తన వంతుకు వేరుశెనగ గింజలు ఇప్పించమన్నాడు.

ఎండ ముదిరాక మౌలాలి ఒక సోడా తాగాడు, ఒక బీడీకట్ట కొన్నాడు. తాత కందిపప్పు అడిగాడు.

మధ్యాహ్నం హోటల్లో పాత స్నేహితులు ముగ్గురు తగిలారు. ఏం మౌలాలన్నా, ఈ మధ్య కనపడవని వాళ్ళు కేకేశారు. తాత పక్కనుండగా తక్కువ చేసుకోవడం బాగుండదని మౌలాలి అందరికీ టీలు, తలా ఒక పొట్లం కారాలు చెప్పి, డబ్బు తానే ఇచ్చాడు. వాళ్ళకు కూడా ఇంటి ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలో ఓ అరగంట వివరంగా చెప్పాడు. స్నేహితులు కారాలు నములుతూ శ్రద్ధగా విన్నారు. లేచేటప్పుడు తాత మెల్లగా దగ్గాడు.

"నాకు కాస్త నెయ్యి నాయనా."

ఈసారి మౌలాలి జేబు తడిమి చూసుకున్నాడు. కానీ గురువు నోరు తెరిచి అడిగితే కాదని ఎట్లా అంటాడు? నెయ్యి కొలిపించి, చిన్న సీసాలో పోయించి ఇచ్చాడు. సాయంత్రం తను కిళ్ళీ వేసుకుంటే తాతకు ఎండుకొబ్బరి చిప్ప, వెల్లుల్లి ఇప్పించాల్సి వచ్చింది. తువ్వాలు మూట ఉబ్బి, తాత భుజం మీద చిన్నపిల్లలా కూచుంది.

ఇంటిదారి పట్టాక మౌలాలి మనసులో ఒకటే గొణుగుడు. ఫకీరుకు ఇన్ని కోరికలేమిటి? ఇదంతా గుట్ట కింది చావిడి వంటకు కాబోలు. దానం చెయ్యొచ్చు, కానీ ఒక్క రోజులో ఇంతా? పొద్దున్నుంచి చేసిన కూలిలో జేబులో మిగిలింది వేళ్ళకు తగలడం లేదు. ఒక్క మనిషి ఇట్లా లాగితే ఏ సంసారం నిలబడుతుంది? గురువు కాబట్టి పళ్ళ బిగువున నడుస్తున్నాడు. వేరే ఎవరైనా అయితే మొహం మీదే అనేసేవాడు.

పొద్దు ఇంకా గుంకలేదు. తాత తిన్నగా వంటింటి గుమ్మం దాకా పోయి, మూట కాశింబీ ముందు దించి విప్పాడు. పిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. చిన్నది బెల్లం వాసన చూసి కళ్ళు మూసుకుంది. కాశింబీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, బరువు చూసి, పక్కన పెట్టింది.

"దీంతో నేను వారం ఇల్లు నడుపుతా తాతా," అంది. "ఎవరిచ్చారు?"

"మీ ఆయనే ఇప్పించాడు తల్లీ. ఇది నా వంతు. ఇంకో వంతు ఆయన కడుపులో ఉంది."

మౌలాలి విల్లు గోడకు ఆనించబోతున్నాడు. అది చెయ్యి జారి ఠంగున మోగింది. అతను దాన్ని మళ్ళీ ఎత్తలేదు. టీలు, బజ్జీలు, సోడా, బీడీకట్ట, స్నేహితుల కారాలు, కిళ్ళీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. రోజూ తిరిగేవే. ఇన్నాళ్ళూ వాటిని అతను ఖర్చు అనుకోలేదు. ఖర్చు అంటే వంటింట్లో అయ్యేదనే అతని లెక్క.

కాశింబీ అప్పటికే పొయ్యి రాజేసింది. సరుకులో సగానికి పైగా డబ్బాల్లోకి ఎత్తిపెట్టి, మిగిలినదాంతో పనిలో పడింది. పప్పు ఉడికించి వెల్లుల్లి తాలింపు పెట్టింది. వేరుశెనగ గింజలు వేయించి, సగం కొబ్బరితో నూరి చట్నీ చేసింది. మిగతా సగం బెల్లంతో కలిపి ఉండలు చుట్టింది. ఉండలు చుట్టేది ఆమె అయినా లెక్కపెట్టేది పిల్లలు. అదే నూకల సంగటి ఆ పూట ఘుమఘుమలాడింది. వాసనకు పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, ఏం పండగ కాశింబీ అని అడిగింది. మా తాత వచ్చాడక్కా అంది కాశింబీ. రెండు నెలల తరువాత ఆ ఇంట్లో ఆమె గొంతు గోడ దాటి వినపడింది.

పొద్దు గుంకింది. తాత నమాజు చేసుకుని వచ్చి కూచున్నాడు. పళ్ళెం ముందు పెడితే, దాన్ని తీసి లాలమ్మ ముందుకు జరిపాడు. నెయ్యి తానే వేశాడు.

"తిను లాలమ్మా. నీ ఒక్కపొద్దు అయిపోయింది."

లాలమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి ముద్ద కలిపింది. మొదట మెల్లగా తిన్నది. తరువాత ఆగకుండా తిన్నది. పప్పు ఇంకొంచెం అడిగింది. మళ్ళీ ఇంకొంచెం అడిగింది. రెండోసారి అడిగేటప్పుడు సిగ్గుపడి, మనవరాళ్ళ ముద్దలు చూసి, వాళ్ళకు ఉందా అంది. ఉందత్తా, చాలా ఉంది అని కాశింబీ గరిటె నిండా వేసింది.

మౌలాలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి భక్తి గురించి గురువారం చావిడిలో పదిమంది ముందు తను చెప్పిన మాటలు చెవుల్లో గింగురుమన్నాయి. సోమవారం, గురువారం. వారానికి రెండు పూటలు. అవి మనవరాళ్ళ పళ్ళేల్లోకి వచ్చిన పూటలు.

అతను పళ్ళెం పక్కకు జరిపి, తాత పాదాలు పట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు పిల్లలకు కనపడకుండా తల ఎత్తలేదు.

"బుద్ధొచ్చింది తాతా. రేపట్నుంచి టీ తాగను. బీడీ ముట్టను. నోరు కట్టేసుకుంటా."

తాత అతని భుజం తట్టి లేపాడు.

"నోరు కట్టుకోవడం ఎందుకు నాయనా? నీకు ఇంకో నాలుగు నోళ్ళున్నాయి, అంతే."

చిన్నది ఆ మాట విని, నాన్న మొహంలో నాలుగు నోళ్ళు ఎక్కడున్నాయా అని వెతికి పకపకా నవ్వింది. దాన్ని చూసి పెద్దది నవ్వింది. లాలమ్మ నవ్వబోయి పొలమారి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది.

కాశింబీ ఇంకా వడ్డిస్తూనే ఉంది. మౌలాలి లేచి, గోడకు ఆనించి ఉన్న ఆమె పళ్ళెం తీసి, కడిగి తెచ్చి, తన పక్కన వేసి, ఆమె చేతిలోని గరిటె అందుకున్నాడు.