నలభై మూడు మంది చూసిన ఇల్లు

కన్నబ్బాయి మేస్త్రీ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. తాపీ పట్టుకుని నలభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి. ఆ పని మానేసి పదేళ్ళయినా నర్సాపురంలో ఆయన్ని అందరూ మేస్త్రీ గారనే అంటారు. ప్రతి గురువారం సాయంత్రం ఆయన వీధి అరుగు మీద పదిమంది చేరతారు. మిల్లు గుమస్తా ఒకాయన, కొబ్బరి దింపులు తీసే మనిషి, మిషను కుట్టే ఇద్దరు ఆడవాళ్ళు, ఇలాంటివాళ్ళే. కాషాయం లేదు, మైకు లేదు, హారతి లేదు. భగవంతుడెలా ఉంటాడని అడిగినవాణ్ణి ఒకసారి వెళ్ళి నూతి చప్టా కడిగి రమ్మన్నారు. అతను కడిగి వచ్చాక ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఎందుకడగలేదో అతన్నే అడగాలి.

ఆ గురువారం ప్రశ్న తెచ్చినవాడు నూకరాజు. ఇళ్ళూ స్థలాలూ బేరాలు కుదిర్చే ఏజెంటు. వచ్చీ రావడంతోనే చెప్పులు విసిరినట్టు విడిచి, అరుగెక్కి, "నాకొక్కటి తేల్చి చెప్పాలండి మేస్త్రీ గారూ. నా కోపం న్యాయమా, కాదా?" అన్నాడు.

"ఎవరి మీద?" అన్నారాయన.

ఇంకేముంది, అతని గోడు మొత్తం ఒక్కసారి బయటికొచ్చింది. ఏడు నెలలుగా ఒక్క బేరం తెగలేదు. ఊళ్ళో 'ఇల్లు అమ్మబడును' అన్న బోర్డు లేని వీధి లేదు, కొనే నాథుడు లేడు. వైశాఖంలో వచ్చినవాళ్ళు ఎండలు తగ్గనీ అన్నారు. ఎండలు తగ్గాక ఆషాఢం అన్నారు. ఆషాఢం వెళ్ళాక, రేట్లు ఇంకా పడతాయటగా చూద్దాం అంటున్నారు. అతని చేతిలో మిగిలింది ఒకే ఒక్క ఇల్లు, కొత్త కాలనీలో తూర్పు ముఖం డాబా. రాజమండ్రిలో ఉండే ఓనరు శ్రావణం ఆఖరు దాకా గడువిచ్చి, ఆ తర్వాత వేరే ఏజెంటుకి అప్పగిస్తానన్నాడు. ఈ ఇల్లు కూడా చెయ్యి జారితే నూకరాజు ఈ వృత్తికి దండం పెట్టి తోడల్లుడి ఎరువుల కొట్లో పనికి కుదరాలి. తోడల్లుడి కింద పని చెయ్యడమంటే ఏమిటో తోడల్లుళ్ళున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

"నలభై మూడు మందండి," అన్నాడు. "నలభై మూడు మందిని తీసుకెళ్ళి ఆ ఇల్లు చూపించాను. ఒకడు కుళాయిలన్నీ తిప్పుతాడు. ఒకడు గోడ మీద వేలితో కొట్టి చెవి పెడతాడు. ఒకావిడైతే అద్దెకున్నవాళ్ళ వంటింట్లోకెళ్ళి, పప్పు డబ్బాలు జరిపి, అలమరాలో చెమ్ముందేమో చూసింది. అంతా చూసి, ఇంట్లో అనుకుని చెబుతామంటారు. ఇంట్లో ఏమనుకున్నారో ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. పొద్దుపోక వస్తున్నారండి వీళ్ళు. ఒక మనిషిని ఇలా తిప్పించుకోవడం ఏం న్యాయం?"

అరుగు మీదవాళ్ళు అయ్యో అన్నారు. అతని మాటలో అబద్ధం లేదు. కొనే ఉద్దేశం వీసమెత్తు లేకుండా, ఒకళ్ళ పడగ్గదిలోకి చెప్పుల కాళ్ళతో నడిచి, కప్పు వంక చూసి పెదవి విరిచి వెళ్ళిపోయే జనం ఎంతమంది ఉన్నారో ఏజెంట్లకే తెలుసు. వాళ్ళకి సిగ్గుండాలి. ఆ సంగతిలో నూకరాజు పక్షమే మనమూ.

"ఇంకో గండం కూడా ఉందండి," అన్నాడు నూకరాజు గొంతు తగ్గించి. "ఆ ఇంట్లో అద్దెకున్నావిడ మావగారు పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఆయన ఏ నక్షత్రంలో పోతాడోనని నాకు తిండి సయించడం లేదు."

అందరికీ తెలిసిన సంగతే అయినా చెబుతాను. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇల్లు మూసెయ్యాలంటారు. మూడు నెలలో, ఆరు నెలలో, పంతులుగారు ఎన్ని చెబితే అన్ని. అలా తాళం పడ్డ ఇంటిని బేరాలు జోరుగా సాగే రోజుల్లోనే ఎవరూ కొనరు. ఇప్పుడైతే ఆ వీధి మొహమే చూడరు.

మేస్త్రీ గారు అతని వైపు తిరిగారు. "ఆయన ఏ గదిలో ఉంటాడు?"

"నైరుతి గదిలోనండి. అదే వచ్చిన చిక్కు. ఎవరొచ్చినా ముందు ఆ గదే చూస్తామంటారు. మొదట్లో ఒకాయన ఆ మంచం పట్టె మీదే ఫోను పెట్టి దిక్కులు చూసుకున్నాడు. రోగిని చూసి ఇల్లెవరు కొంటారు చెప్పండి. పదిమంది అలా వెనక్కి పోయాక నేనే ఒక ఉపాయం చెప్పాను. మేం వచ్చినప్పుడల్లా మంచం ఎత్తి పెరటి వరండాలో పెట్టమన్నాను. వాళ్ళు పాపం కాదనలేదు."

కాదనలేదట. ఎలా అంటారు? మంచాన పడ్డ మనిషిని వెంటబెట్టుకుని ఇంకో ఇల్లు అద్దెకి అడిగితే ఊళ్ళో ఎవరిస్తారు? ఆ ఓనర్లకీ ఇదే నక్షత్రాల భయం. ఈ సంగతి నూకరాజుకి బాగా తెలుసు. తెలిసే చెప్పాడు. పైగా అది తన తెలివనుకున్నాడు. అరుగు మీద కూడా ఒకరిద్దరు బాగానే ఉంది ఉపాయం అన్నట్టు తలూపారు, వాళ్ళని మాత్రం ఏమనాలి.

మేస్త్రీ గారు తల ఊపలేదు. "రేపు ఆ ఇంటికి వెళ్ళు. ఎవర్నీ తీసుకెళ్ళకు. ఎప్పుడూ వెళ్ళే బండి మీదే వెళ్ళి, తలుపు కొట్టి, గుమ్మంలో నుంచో. వాళ్ళేం చేసినా నోరు విప్పకు," అన్నారు.

"ఎంతసేపు నుంచోవాలండి?"

"నువ్వుండగలిగినంతసేపు."

మర్నాడు పదకొండు గంటలకి నూకరాజు కొత్త కాలనీకి వెళ్ళాడు. అతని బండి సైలెన్సరు ఊడి ఆర్నెల్లయింది. వీధి మొదట్లో తిరిగితే చివరింటికి వినబడుతుంది. మామూలుగా అయితే అతను వచ్చినవాళ్ళని గేటు దగ్గరే ఆపి, రోడ్డు వెడల్పెంతో, మున్సిపాలిటీ నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయో, పక్కింటివాళ్ళు ఎంత మర్యాదస్థులో చెబుతూ ఓ పది నిమిషాలు నడిపిస్తాడు. లోపల మంచం ఎత్తడానికి ఆ టైము చాలు. అందువల్ల ఆ మంచం ఎలా ఎత్తుతారో, ఎవరెత్తుతారో అతనెప్పుడూ కళ్ళారా చూడలేదు. చూడాలని కూడా అతనికి తోచలేదు.

ఆ వేళ తలుపు తీసింది కనకరత్నం, ఆ ఇంటి కోడలు. మొగుడు రైసు మిల్లులో పనికి వెళ్తే ఇల్లూ ముసలాయనా ఆవిడ చేతి మీదే నడుస్తాయి. చేతికి పిండి అంటుకుని ఉంది. ఆవిడ నూకరాజు మొహం చూడలేదు, అతని భుజం మీదుగా గేటు వంక చూసి, "ఒక్క నిమిషం అండి, గేటు దగ్గరే ఉంచండి వాళ్ళని," అంటూ లోపలికి పరుగెత్తింది. పెరటి గోడ దగ్గర నిలబడి "వదినా" అని ఒక్క కేక వేసింది. పక్కింటావిడ కొంగు దోపుకుంటూ వచ్చేసింది. ఎందుకని అడగలేదు, ఎంతమంది అని కూడా అడగలేదు. ఒకావిడ మందు సీసాలు తీసి అలమరాలో దాచింది. ఇంకొకావిడ అగరొత్తి వెలిగించింది. ఆ అగరొత్తి సలహా కూడా నూకరాజుదే.

తర్వాత ఇద్దరూ కలిసి ఆ నులక మంచం ఎత్తారు.

ఎవరూ రాలేదని చెప్పడానికి నూకరాజుకి మాట నోటి దాకా వచ్చింది. మేస్త్రీ గారు వద్దన్నారు కదా అని ఆగాడు. మంచం మీద ఉన్నది బుల్లియ్య. ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. రేవులో ఆయన గొంతెత్తితే అవతలి గట్టున పడవలు పక్కకి తప్పుకునేవంటారు. ఇప్పుడు నోట మాట లేదు, ఎడం వైపు చచ్చుబడింది. కుడి చెయ్యొక్కటే ఆయన మాట వింటుంది. మంచం ఎత్తకముందే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం గది గడప దగ్గరికి రాగానే ఆ కుడి చెయ్యి లేచి ద్వారబంధాన్ని పట్టుకుంది.

గట్టిగా లాగలేదు. ఊరికే పట్టుకుంది.

కనకరత్నం తన వైపు మంచం కోడు మోకాలి మీద ఆనించుకుని, ఒక్కొక్క వేలే విడదీసింది. రోజూ చేసే పనిలాగే చేసింది. "కాసేపే మావయ్యా, కాసేపే," అంది.

నూకరాజు వల్ల కాలేదు. "ఎవరూ రాలేదమ్మా, దించెయ్యండి," అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. మనుషుల్ని తీసుకురాకుండా ఈయన ఈ ఇంటికి ఎప్పుడొచ్చాడు గనక. మంచం అక్కడే గడప మీద దించి నిలబడింది.

"ఆయన అలా పట్టుకుంటారేం?" అన్నాడు నూకరాజు.

"మనిషి పోయేటప్పుడే కదండీ ఇంట్లోంచి బయటికి తెచ్చి పడుకోబెడతాం," అంది కనకరత్నం. "మొదటిసారి మేం మంచం ఎత్తితే అయిపోయిందనుకున్నారండి. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. కొడుకుని పిలవమని చేత్తో సైగ చేశారు. ఇల్లు చూడ్డానికి వచ్చారు మావయ్యా, మళ్ళీ లోపలికి తెచ్చేస్తామని చెప్పాను. అర్థమైందో లేదో తెలీదు. ఇప్పుడు మీ బండి చప్పుడు వినబడితే చాలండి, ఆయనే కళ్ళు మూసేసుకుంటారు."

ఆవిడ ఇది కోపంగా చెప్పలేదు. కోపం తెచ్చుకునే తాహతు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని ఆ కోపం మనం పడాలి. మొదటి పదిమందినీ తీసేస్తే ముప్పై మూడు సార్లు. ముప్పై మూడు సార్లు ఒక మనిషిని ప్రాణం ఉండగా చావుకి సాగనంపారు, ఒక గది కాస్త విశాలంగా కనబడటానికి. ఆ ఏడుపు చూసిన కోడలు మళ్ళీ మంచం ఎత్తవలసి వచ్చింది. ఇంతా చేస్తే ఆ గది చూసినవాళ్ళన్న మాట, ఇంట్లో అనుకుని చెబుతామని.

నూకరాజు పక్కింటావిణ్ణి తప్పుకోమని ఆవిడ వైపు మంచం కోళ్ళు తను పట్టుకున్నాడు. మంచం మళ్ళీ నైరుతి మూల పెట్టారు. బుల్లియ్య కళ్ళు తెరిచి కప్పు చూసుకున్నాడు, తర్వాత నూకరాజుని చూశాడు. నూకరాజు అక్కడ నిలబడలేకపోయాడు.

ఆదివారం నలభై నాలుగో బేరం వచ్చింది. పాలకొల్లు నుంచి మొగుడూ పెళ్ళామూ. వీళ్ళు పొద్దుపోక వచ్చినవాళ్ళు కారు. కాగితాలన్నీ ముందే ప్లీడరుకి చూపించుకుని, బయానా ఇచ్చే ఉద్దేశంతోనే వచ్చారు. ఏడు నెలలుగా నూకరాజు ఎదురుచూసింది ఇలాంటివాళ్ళ కోసమే. అతను బండి వీధి మొదట్లోనే ఆపేసి వాళ్ళని నడిపించుకుని వెళ్ళాడు. మంచం కదపొద్దని కనకరత్నానికి ముందు రోజే చెప్పి వచ్చాడు. వాళ్ళకి ఇల్లు నచ్చింది. వంటిల్లు నచ్చింది, మెట్లు నచ్చాయి. నైరుతి గది దగ్గరకొచ్చేసరికి నూకరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల పెద్దాయన పడుకున్నారండి. ఇక్కణ్ణించే చూడండి."

"మంచం కాస్త బయట పెట్టిస్తే మూల కొలుచుకుంటాం," అన్నాడు ఆ పెద్దమనిషి. "మీరలా పెట్టిస్తారని ఇదివరకు చూసినవాళ్ళు చెప్పారే."

"ఇదివరకు పెట్టించానండి. ఇక పెట్టించను."

ఆవిడ గుమ్మంలోంచి మంచం వంక చూసి, మొగుడి చెవిలో ఏదో చెప్పింది. చెబుతూ వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుంది. ఏం లెక్కపెట్టిందో ఊహించుకోండి. ఇంట్లో అనుకుని చెబుతామని వాళ్ళూ వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా సంగతి ఓనరు చెవిన పడింది. శ్రావణం ఇంకా పది రోజులుండగానే ఆ ఇల్లు వేరే ఏజెంటు చేతికి వెళ్ళింది.

మళ్ళీ గురువారం నూకరాజు అరుగు చివర కూర్చున్నాడు. అందరూ వెళ్ళేదాకా ఉన్నాడు. మేస్త్రీ గారే పిలిచి అడిగితే చెప్పాడు.

"సోమవారం నుంచి మా తోడల్లుడి కొట్టుకి వెళ్తున్నానండి. అది పర్లేదు. నిన్న ఆ వీధిలోంచి వెళ్తుంటే గేటు దగ్గర కొత్త ఏజెంటు ఎవరికో రోడ్డు వెడల్పు చెబుతున్నాడు. పక్క సందులోంచి చూస్తే పెరటి వరండాలో మంచం ఉందండి. నేను తిన్నగా వెళ్ళి, కనకరత్నం గారూ నేనూ కలిసి మంచం లోపల పెట్టేశాం. వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోయారు. ఆ ఏజెంటు నన్ను నానా మాటలూ అన్నాడు. పడ్డాను. ఆఖర్న ఒక మాటన్నాడండి. 'ఈ ఉపాయం కనిపెట్టిందే నువ్వట కదా' అన్నాడు."

మేస్త్రీ గారు అతని దగ్గరకి జరిగి కూర్చున్నారు.

"ఇంతకీ నీ కోపం ఏమైంది?" అన్నారు.

"ఉందండి. ఇంకా పెరిగింది."

"ఎవరి మీద?"

నూకరాజు వేలు తన వైపే చూపించుకున్నాడు. మేస్త్రీ గారు కండువా దులిపి భుజాన వేసుకుని లేచారు.

"ఉండనియ్," అన్నారు. "అదొక్కటి మాత్రం బేరానికి పెట్టకు."