తిప్పక్క బూడిద

“వస్తాండారహో! తనిఖీ అయ్య వస్తాండారహో!”

వీధి ఆ కొసన తలారి కేక. ఆ కేక ఈ కొసనున్న బువ్వసాలలో పడిందో లేదో, సాల తలకిందులైంది. వంట చేసే ఓబులమ్మ పొయ్యి మీది అంబలి దించి పెరట్లోకి పరిగెత్తింది. సాలపెద్ద శేషయ్య పంచె ఎగ్గట్టి కొట్టు తాళం తీసినాడు. కొట్లోంచి రాగిపిండి బయటికొచ్చింది. కందిపప్పు బయటికొచ్చింది. నువ్వుల నూనె బయటికొచ్చింది.

“బిరీన కానీండమ్మే! ఊరి ముందర కాళ్ళకు నీళ్ళిస్తాండారంట!” అని శేషయ్య గంతులు.

పెరట్లో అంట్లు తోమే తిప్పక్క ఒక్కతే లేవలేదు. కూర్చున్న చోటే కూర్చొని పక్కనున్న బూడిద కుప్పను చూసింది. కుప్ప మోకాలెత్తు ఉంది.

ఎప్పటి మాట ఇది అంటారా? తాతల తాతలకు పాలపళ్ళైనా రాని కాలం. గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. అట్లాంటి గుట్టల నడుమ ఒక ఊరు. ఆ ఊరికి నీళ్ళు తేవాలని సర్కారు కాలవ తవ్విస్తా ఉంది. మగవాళ్ళు గడ్డపార పడితే ఆడవాళ్ళు గంప మోసేవాళ్ళు. చీకటితో పోతే మళ్ళీ చీకటికే ఇల్లు. మరి నడక రాని పిల్లలు, నడిచినా నాలుగడుగులకే కూలబడే పిల్లలు ఏం కావాలి? ప్రభువు ఆలోచించినాడు. పాపం, మంచివాడే. తల్లి గంప మోస్తే బిడ్డ పస్తుండకూడదన్నాడు. బువ్వసాల కట్టించినాడు. నెలనెలా బండ్ల మీద గింజలు పంపినాడు. తన మాట ఎవరూ మరవకుండా సాల గడప పక్కన రాయి నాటించి, దాని మీద చెక్కించినాడు:

పిల్లకొక సంగటి ముద్ద. ముద్ద మీద పప్పు. పప్పు మీద నూనె.

తిప్పక్కకు చదువు రాదు. అయినా ఆ మూడు ముక్కలూ నోటికొచ్చు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. పొద్దున అంట్లు తోమేది, మధ్యాహ్నం పిల్లల బంతి చివర చోటు చూసుకొని, ఒళ్ళో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకొని, వాళ్ళు తాగిన అంబలే తానూ తాగేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. తోమే మనిషికి గిన్నె చెప్పని రహస్యం ఉండదు. సంగటి వండితే అడుగున మాడు పడుతుంది. గోరు విరిగేదాకా గీకాలి. పప్పులో నూనె పడిందా, నీళ్ళు పోస్తే పూసలు పూసలుగా జారిపోతాయి. అప్పుడు బూడిద వెయ్యాలి, కొబ్బరి పీచు పట్టాలి, భుజం నొప్పి పుట్టాలి. తిప్పక్కకు భుజం నొప్పి పుట్టి చాలా దినాలైంది. నీళ్ళు పోసేది, తిప్పేది, పారబోసేది. తప్పేలా శుభ్రం. పొయ్యిలో బూడిద కుప్పకు పోయేదే గాని, కుప్పలో బూడిద తప్పేలాకు వచ్చేది లేదు. కుప్ప పెరగదా మరి!

పప్పూ నూనే ఏమైనాయంటే, శేషయ్య బండెక్కి శుక్రవారం సంతకు పోయినాయి.

పిల్లలు చెప్పరా అంటారేమో. తల్లి వచ్చి “బువ్వ తింటివా నాయనా?” అంటే తలాడిస్తారు. అంబలి తప్ప ఎరగని బిడ్డకు అంబలే బువ్వ. పోయిన చలికాలం ఊళ్ళో రెండు ఉయ్యాలలు ఖాళీ అయినాయి. దిష్టి అన్నారు. గాలి అన్నారు. దిష్టీ కాదు, గాలీ కాదు, తిప్పక్కకు తెలుసు. ఇప్పుడు గంగి అని మూడేళ్ళ పిల్ల, పొద్దంతా ఆమె కొంగు పట్టుకొని తిరిగే పిల్ల, గోడకానుకొని కూర్చుంటే లేవడం లేదు. చలికాలం మళ్ళీ రానే వస్తుంది.

ఆ కేక వెనకే మొదటి తనిఖీ అయ్య గుర్రం మీద వచ్చినాడు. అయితే తిన్నగా సాలకు రాలేదు. ఊరి ముందర కాళ్ళకు నీళ్ళు, చేతికి మజ్జిగ, మెడకు పూలదండ. మర్యాద అంటే మర్యాదే కదా. ఆ మర్యాదలు అయ్యేలోపల ఇక్కడ పప్పు ఉడికింది, సంగటి గట్టిపడింది. అయ్య గోడల సున్నం చూసినాడు. “బలే తెల్లగుందే!” అన్నాడు. అంతా బాగుందని గుద్దే ముద్ర తీసినాడు.

తిప్పక్క చేతులు తుడుచుకొని ముందుకొచ్చింది. “సామీ, ఒక మాట. బిడ్డలకు రోజూ అంబలే పోస్తాండారు.”

“నువ్వెవరు?”

“అంట్లు తోముతా సామీ.”

“అట్లయితే అంట్ల సంగతి చెప్పు. వంట సంగతి వండేవాళ్ళు చెప్తారు.”

ముద్ర గుద్దినాడు, గుర్రమెక్కినాడు, పోయినాడు.

రెండో అయ్య పల్లకిలో వచ్చినాడు. మళ్ళీ అదే కేక. మళ్ళీ అవే నీళ్ళు, అదే మజ్జిగ, అదే దండ. అప్పటికి కుప్ప నడుమెత్తు అయింది. ఈ అయ్య గోడలు చూడలేదు. సంగటి రుచి చూసినాడు. ఒకటికి మూడు ముద్దలు చూసి మీసం తుడుచుకున్నాడు.

“సామీ, రుచి చూసినారు, సరే. ఒక్క తూరి పెరట్లోకొచ్చి ఈ బూడిద కుప్ప చూడండి” అంది తిప్పక్క.

“బూడిద చూడ్డానికా నేను ఇన్ని ఆమడలు వచ్చింది?” అని అయ్య నవ్వినాడు. అయ్య నవ్వితే బోయీలు నవ్వరా? వాళ్ళూ నవ్వినారు. ముద్ర గుద్దినాడు, పల్లకెక్కినాడు, పోయినాడు.

పల్లకి మలుపు తిరగ్గానే శేషయ్య వేలు చూపించినాడు. “ఇంగొక తూరి నోరు తెరిస్తివా, నువ్వూ నీ పీచూ వీధిలో ఉంటారు. చూసుకో!”

అతను పోయినాక ఓబులమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. “నీకెందుకే తిప్పక్కా ఇదంతా? నాకు మాత్రం కండ్లు లేవా? రచ్చయితే సర్కారు ఈ సాల మూసేస్తుంది. అప్పుడు ఆ అంబలి కూడా ఉండదు బిడ్డలకు.”

“అంబలి ఉండింది కదా. పోయిన చలికి ఆ ఇద్దరూ నిలిచినారా?”

ఓబులమ్మ లేవబోతే తిప్పక్క కొంగు పట్టి ఆపింది.

“చూడు ఓబులా. ఈ బూడిద కరిగి కింద నేల కనపడేదాకా ఈ సాలలో నేను కూర్చొని తినను. నిలబడే తింటా. నిలబడే తోముతా.”

అన్నట్టే ఆ మరుసటి దినం నుంచి బంతిలో కూర్చోలేదు. గంగి చెయ్యి చాపి “దా, అవ్వా” అంటే, “నా కుప్ప కరగనీ తల్లీ, వస్తా” అనేది. శేషయ్య కిసుక్కున నవ్వేవాడు. “కుప్ప కరిగితే కదా! వానకు తడిసి రాయైతాది గాని.”

నాలుగు నెలలు తిరిగినాయి. కుప్ప భుజమెత్తు అయింది. చలిగాలి మొదలైంది. ఒక పొద్దున శేషయ్య సున్నం గంపలు దింపించినాడు. ఇంకేముంది, మూడు దినాల్లో తనిఖీ అని తిప్పక్కకు అర్థమైంది.

సాలలో తప్పేలాలు అయిదు. రోజూ వాడేది ఒకటే. తిప్పక్క ఏం చేసిందంటే, అసలు ఏమీ చెయ్యలేదు. తోమడం మానేసింది. మొదటి దినం అంబలి తప్పేలా తీసుకుపోయి కుప్ప వెనక బోర్లించింది. రెండో దినం ఇంకొకటి. మూడో దినం ఇంకొకటి.

“దినానికొక తప్పేలా ఇస్తావేమే? నిన్నటిదేమాయె?” అంది ఓబులమ్మ.

“నానబెట్టినా.”

“అంబలి తప్పేలా నానబెట్టేదేందే? ఎవురన్నా వింటే నవ్వుతారు.” అని, కుప్ప వైపు చూసి, ఠక్కున నోరు మూసుకుంది. ఆ పైన ఒక్క మాట అడిగింది లేదు.

నాలుగో దినం కేక. “వస్తాండారహో!” నీళ్ళు, మజ్జిగ, దండ. మిగిలిన రెండు తప్పేలాల్లో ఒకదాంట్లో సంగటి, ఒకదాంట్లో పప్పు.

మూడో అయ్య ఎడ్లబండిలో వచ్చినాడు. ముసలాయన. పళ్ళు తక్కువ, ఆకలి ఎక్కువ. కూర్చొని కడుపునిండా తిన్నాడు. “పప్పులో నూనె బాగా వేసినారప్పా” అని మెచ్చుకున్నాడు. ఎడమచేత్తో ముద్ర పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. తిప్పక్క చెంబుతో నీళ్ళు తెచ్చి కుడిచేతి మీద పోసింది. నీళ్ళు పూసలు పూసలుగా జారిపోయినాయి.

“ఇదేందమ్మా, చెయ్యి తడవదే?”

“నూనె తిన్న చెయ్యి సామీ. ఉత్త నీళ్ళకు లొంగదు. ఇదో, బూడిద.”

ముసలాయన బూడిద రుద్దుకున్నాడు. ఆమె మళ్ళీ నీళ్ళు పోసింది. చెయ్యి శుభ్రమైంది.

“ఇప్పుడా చేత్తోనే ఇది కడగండి సామీ.” అని తిప్పక్క మొదటి తప్పేలా తెచ్చి ఆయన ముందర పెట్టింది.

తనిఖీ అయ్యను తప్పేలా కడగమన్న మనిషి అంతకుముందు లేదు.

“దీనికి పిచ్చి పట్టిందయ్యా!” అని శేషయ్య ఉరికినాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టినాడు. ఎందుకో మరి, ఆ చేతికి ఇంకా బూడిద వాసన ఉందేమో. వంగి నీళ్ళు పోసినాడు. ఒక్క పూస లేదు. తిప్పినాడు, పారబోసినాడు. తప్పేలా శుభ్రం.

“ముందే తోమి పెట్టిందయ్యా! అంతా నాటకం!”

“తోమింటే ఈ పొర యాడిదప్పా?” అంటూ తిప్పక్క రెండో తప్పేలా పెట్టింది. మూడోది పెట్టింది. లోపల అంబలి ఎండి ఉల్లిపొరలాగా లేచి ఉంది. ముసలాయన ఆ పొర వేళ్ళ మధ్య నలిపినాడు. నీళ్ళు పోసినాడు. కరిగిపోయింది. మాడు లేదు, జిడ్డు లేదు.

“మొన్న బిడ్డలు తిన్నది అది. నిన్న తిన్నది ఇది. మీరు తిన్నది మీ చేతిని అడగండి సామీ.”

ఆయన తలెత్తి పెరట్లోకి చూసినాడు. “ఏందా గుట్ట?”

“బూడిద సామీ. ఏడాది బూడిద.”

“ఏడాదిగా గిన్నెలు తోమలేదా నువ్వు?”

“తోమే పని పెట్టలేదు సామీ.”

అప్పుడు ఓబులమ్మ గంటె కింద పెట్టి ముందుకొచ్చింది. “నిజమే సామీ. కొట్టు తాళం ఆయనది, అంబలి కాచిన చెయ్యి నాది. నన్నేమన్నా చెయ్యండి. సాల మాత్రం ముయ్యొద్దండి.”

ముసలాయన ముద్ర పెట్టెలో పెట్టినాడు. పెట్టె మూసినాడు. “ముయ్యాల్సింది సాలను కాదమ్మా. ఆ తలారి నోరు” అన్నాడు. తనలో తాను అనుకున్నట్టు, “కేక పెట్టించుకొని వచ్చేవాడు చూడ్డానికి రాడు. కనపడ్డానికి వస్తాడు. ముప్పై ఏండ్లు నేను చేసింది అదే” అన్నాడు.

ఆ దినం ఆయన బండి కదల్లేదు. మరుసటి దినమూ కదల్లేదు. ఆ పై దినమూ కదల్లేదు. కొట్టు తాళం తల్లుల చేతికొచ్చింది. రోజుకొక తల్లి గంప దించి సాలలో ఉండాలని, ఆ దినం కూలి పోకూడదని ముసలాయన కబురు పంపితే ప్రభువు ఒప్పుకున్నాడు. శేషయ్యను చెరసాలలో వెయ్యబోతే తిప్పక్కే అడ్డుపడింది. “ఆయన్ను కూర్చోబెట్టి మేపేదెందుకు సామీ? నా దగ్గర పని ఉంది.” చేతికి పీచు ఇచ్చింది. అంతే! సంగటి మాడు గీకి గీకి శేషయ్య గోళ్ళరిగినాయి. ఆ చలికాలం ఊళ్ళో ఒక్క ఉయ్యాల ఖాళీ కాలేదు.

తిప్పక్క పోయి ఎన్ని తరాలైందో. ఆమె బొమ్మ లేదు, గుడి లేదు. కానీ ఆ గుట్టల పక్క ఊళ్ళలో పసిపిల్లలకు బువ్వ పెట్టే ఏ ఇంటికి పోయినా, గడప పక్కన మూకుడులో గుప్పెడు బూడిద ఉంటుంది. తిప్పక్క బూడిద అంటారు. చూడవచ్చిన వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, ముందు ఆ బూడిద తీసుకొని నిన్నటి గిన్నె ఒకటి తోమాలి. తరువాతే కుర్చీ. ఇంకో మాట కూడా ఉంది. ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే అక్కడి ముసలమ్మలు పెదవి విరిచి, “వండినోళ్ళను కాదు నాయనా, తోమినోళ్ళను అడుగు” అంటారు.

ఆగండాగండి, అసలు ముక్క మిగిలిపోయింది. కుప్ప ఏమైంది?

భుజమెత్తు నుంచి నడుమెత్తు, నడుమెత్తు నుంచి మోకాలెత్తు. మామిడి పూత రాలే వేళకు ఒక మధ్యాహ్నం వీధిలో మళ్ళీ కేక. తలారిది కాదు. గంగిది. గోడకానుకున్న ఆ పిల్లే, వీధి ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తుతా అరుస్తోంది.

“నేల కనపడిందహో! అవ్వ నేల కనపడిందహో!”

కాలవ గట్టు మీద విన్నవాళ్ళు గంపలు దించినారు. గడ్డపారలు వదిలినారు. తల్లులొచ్చినారు, తండ్రులొచ్చినారు. బంతి సాల దాటి వీధిలోకి పోయింది. తిప్పక్క చేతులు కడుక్కొని, గంగిని ఒళ్ళోకి తీసుకొని, ఇన్ని నెలలు నిలబడిన కాళ్ళు ముడుచుకొని కూర్చుంది. అందరూ కూర్చున్నారు. శేషయ్య ఒక్కడే పెరటి వాకిట్లో, మోచేతుల దాకా బూడిదతో, తల దించుకొని నిలబడినాడు.

తిప్పక్క పక్కకు జరిగి చోటు చేసింది.

“రాప్పా శేషయ్యా, కూర్చో. తోమినోళ్ళకు ఆకలెక్కువ.”

అతను వచ్చి కూర్చున్నాడు. ఓబులమ్మ ఆ కొస నుంచి వడ్డించుకుంటా వచ్చింది. ముద్ద. ముద్ద మీద పప్పు. పప్పు మీద నూనె. ఈ కొసకు వచ్చినాక గంటె పక్కన పెట్టి, తానూ కూర్చుంది.