అవతలి చెయ్యి

"మన వైపు ఏ తప్పూ లేదు మాస్టారూ," అన్నాడు సుభాని, కూర్చోకుండానే. "మీరే చూడండి. అంతా పచ్చగానే ఉంది."

లాప్‌టాప్ ఆయన ముందుకు తిప్పాడు. తెర మీద ప్రతి వరుస పక్కనా అంతా సవ్యమేనన్నట్టు పచ్చ గుర్తు. నిద్ర లేక అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

మాస్టారంటే ఏ బడిపంతులో అనుకునేరు. కృపావరం గారు విశాఖపట్నంలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెద్ద ఆర్కిటెక్ట్, ప్రోగ్రాముల నిర్మాణం ఎలా ఉండాలో నిర్ణయించే మనిషి. అంతకుముందు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పారు, ఆ పిలుపు అలా అంటుకుపోయింది. గళ్ళ చొక్కా, సోడాబుడ్డి కళ్ళద్దాలు. ప్లాస్టిక్‌వైతే గీతలు పడతాయని ఇప్పటికీ గాజువే వాడతారు. అవి లేకపోతే ఎదురుగా నిలబడ్డది ఎవరో కూడా ఆయనకు తెలియదు.

సుభాని ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఓ ఆసుపత్రిలో ల్యాబునూ వార్డులనూ కలిపే ఏర్పాటు ఒంటిచేత్తో కట్టాడు. పాత పద్ధతిలో అయితే దానికోసం ఓ సర్వరు రాత్రింబవళ్ళు మేలుకుని ఉండాలి. ఇతను కట్టినదానికి సొంత యంత్రమంటూ లేదు, అంతా వేరే కంపెనీ కంప్యూటర్లను నెట్‌లో అద్దెకు వాడుకునే క్లౌడ్‌లోనే. ఎవరి రక్తంలోనైనా ప్రమాదం కనిపిస్తే ఓ చిన్న ప్రోగ్రాం లేస్తుంది, వార్డుకు కబురు పంపుతుంది, మాయమైపోతుంది. మేలుకున్నంతసేపే దానికి అద్దె. అందుకని సుభాని దాన్ని చెక్కి చెక్కి రెప్పపాటులో పని ముగించేలా చేశాడు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

కొట్టనిది కృపావరం గారొక్కరే. "అందిందని అవతలివాళ్ళు చెప్పేదాకా ఆగదా?" అని అడిగారు ఆ రోజు.

"ఆగితే ఆలస్యం, పైగా దండగ. పంపడమే మన పని మాస్టారూ," అని నవ్వేశాడు సుభాని. ఆయన రెట్టించలేదు.

నిన్న సాయంత్రం హైమావతి అనే ఆవిడ రక్తంలో పొటాషియం మితిమీరి పెరిగింది. గుండె ఆగిపోయే ప్రమాదముందని ల్యాబు గుర్తించింది. ప్రోగ్రాం లేచింది, కబురు పంపింది, 'పంపాను' అని రాసుకుని మాయమైంది. సరిగ్గా అప్పుడే వార్డు కంప్యూటరు ఏదో అప్‌డేట్ కోసం ఆగి ఉంది. కబురు ఎవరికీ చేరలేదు. హైమావతి గుండె ఆగింది. డాక్టర్లు దాన్ని మళ్ళీ కొట్టుకునేలా చేయగలిగారు గానీ, ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు.

ఇంకాసేపట్లో ఆసుపత్రిలో మీటింగు. తప్పెవరిదో అక్కడ తేలాలి.

"వాళ్ళ కంప్యూటరు ఆగిపోతే మనమేం చేస్తాం? మనం పంపాం. అదే చెబుతాను," అన్నాడు సుభాని. ఆవిడకేమైనా అవుతుందేమోనని అతనికి భయంగా ఉంది. తాను కట్టినదాంట్లో తప్పుందని నలుగురిలో ఒప్పుకోవాలంటే అంతకన్నా భయంగా ఉంది.

కృపావరం గారు కళ్ళద్దాలు తీశారు. "మసకబారాయి. కాస్త తుడిచిపెట్టు నాయనా," అంటూ అందించారు.

సుభాని తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఇంకా అందుకోకముందే ఆయన వదిలేశారు.

నాపరాళ్ళ నేల. రెండు అద్దాలూ పగిలిపోయాయి.

"అయ్యో మాస్టారూ! నేనింకా పట్టుకోందే వదిలేశారేంటి!"

"నేను ఇచ్చాను," అన్నారాయన. "నా వైపు ఏ తప్పూ లేదు."

సుభాని మోకాళ్ళ మీద కూర్చుని గాజుముక్కలు ఏరాడు. బల్ల మీద లాప్‌టాప్‌లో పచ్చరంగు అలాగే వెలుగుతోంది.

కృపావరం గారు లేచి, అతను ఎటు ఉన్నాడో తెలియక, చెయ్యి గాల్లోకి చాచారు. "పద, వేళవుతోంది. ఇక నువ్వే తీసుకెళ్ళాలి."

కారులో ఆయన ఒక్క మాటే అన్నారు. "ఆ రోజు నేను గట్టిగా అడగాల్సింది."

మీటింగు గదికి వెళ్ళాలంటే ఐసీయూ ముందునుంచే వెళ్ళాలి. అక్కడ బెంచీ మీద హైమావతి భర్త కూర్చుని ఉన్నాడు. ఆవిడ చెప్పులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. సుభాని మెళ్ళో కార్డు చూసి గబుక్కున లేచాడు.

"డాక్టరు గారండీ? ఏమైనా తెలిసిందాండీ?"

"నేను డాక్టర్ని కాదండీ," అన్నాడు సుభాని. అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

మీటింగులో ఆసుపత్రి సూపరింటెండెంటు సూటిగానే అడిగింది. "మీరు కబురు పంపారా, లేదా?"

సుభాని లాప్‌టాప్ తెరవలేదు.

"పంపామండీ. అందిందో లేదో అడగలేదు. అడగక్కర్లేదని అలా కట్టింది నేనే." లాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. "ఇవాళే మార్చడం మొదలుపెడతాను. వార్డు అందిందని చెప్పేదాకా కబురు మా దగ్గరే ఉంటుంది, మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఎంతకీ జవాబు రాకపోతే ఓ మనిషికి ఫోను మోగుతుంది. అది పూర్తయ్యేదాకా ల్యాబువాళ్ళు వార్డుకు నోటితోనే చెప్పాలండీ, దయచేసి."

సూపరింటెండెంటు ల్యాబుకు ఫోను కలిపి, ఆ మాటే అక్కడివాళ్ళకు చెప్పింది.

వాళ్ళు బయటికొచ్చేసరికి హైమావతి భర్త ఇంకా ఆ బెంచీ మీదే ఉన్నాడు. సుభాని ఈసారి ఆగాడు. అతని పక్కన కూర్చుని, జరిగిందేమిటో మెల్లగా చెప్పాడు. అతను వింటున్నంతసేపూ సంచీని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

లిఫ్టు నిండా స్ట్రెచర్లు. మెట్ల దాకా గురువుగారిని నడిపించుకొచ్చి, సుభాని ఆయన చేతిని రెయిలింగు మీద పెట్టాడు. పెట్టి, తన చెయ్యి తియ్యలేదు.

"పట్టుకున్నారా మాస్టారూ?"

ఆయన రెయిలింగును తడుముకుని, వేళ్ళు బిగించారు.

"పట్టుకున్నాను."

అప్పుడు వదిలాడు.