నక్క లెక్కపెట్టిన బస్కీలు

కుంట ఎండిపోతోంది. నీళ్లు తగ్గేకొద్దీ బురద చిక్కబడుతోంది. ముసలి గేదె పోలమ్మ భయమంతా దాని గురించే. నిరుడు వేసవిలో ఆ బురదలో పడుకుని లేవలేకపోతే నలుగురు మనుషులు మోకులు కట్టి బయటికి లాగారు. ఈసారి మనుషులు చూడకపోయినా పొదలోని నక్క చూస్తుంది.

"బురదలో దిగడం మానెయ్యరాదూ వదినా," అంది కంచె మీది ముసలి తొండ, దండీలు తీస్తూనే.

"ఎండకి ఒళ్లు మాడిపోతోంది మరిదీ. దిగకుండా ఎలా?"

"అయితే లేవడం అలవాటు చేసుకో. బస్కీలు తియ్యి."

"ఈ వయసులోనా?"

"నేనేమన్నా పడుచువాణ్నా? ముందుకాళ్లు సగం వంచి లే. ఇవాళ్టికి రెండు చాలు. నొప్పెడితే ఆపెయ్యి."

పోలమ్మ సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. మొదటి రోజు రెండింటికే కాళ్లు వణికాయి. రెండు నెలలు తిరిగేసరికి పూర్తిగా కూర్చుని పూర్తిగా లేస్తూ పన్నెండు తీస్తోంది.

పొదలోంచి నక్క అంతా గమనిస్తూనే ఉంది. తెలివి మీరినవాళ్లతో ఇదే చిక్కు. ఏం చూసినా తమకు కావలసిన అర్థమే తీసుకుంటారు.

"మొదట్లో పూటకి రెండుసార్లు కూలబడేది, తర్వాత ఏడుసార్లు, ఇవాళ పన్నెండు," అని పెళ్లాంతో చెప్పింది. "దాని పని అయిపోయింది. మీ నాన్నవాళ్లని భోజనానికి పిలువు."

మర్నాడు మధ్యాహ్నం పోలమ్మ బురదలో కళ్లు మూసుకుని పడుకుంది. నక్క అత్తవారంతా ఒడ్డున బారులు తీరారు.

"లేస్తుందేమో అల్లుడూ," అంది మామ నక్క.

"ఎక్కడ లేస్తుంది మామా, చూపిస్తా ఉండు," అంటూ అల్లుడు నక్క గేదె వీపు మీదికి దూకింది.

పోలమ్మ ఉలిక్కిపడింది. మోకాళ్లు బురదలో దిగబడి ఉన్నాయి. నిరుటి సంగతి గుర్తొచ్చింది. అయినా వెనక కాళ్లు గట్టిగా ఊని, రోజూ లేచినట్టే లేచింది. నక్క తలకిందులుగా బురదలో పడింది.

గేదె ఒడ్డెక్కి నిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. "బతికాను మరిదీ. ఎంత భయపడ్డానో ఇన్నాళ్లూ."

"పోన్లే వదినా, ఇవాళ్టికి బస్కీలు అక్కర్లేదు," అంది తొండ.

నక్క చెవులదాకా బురదతో ఒడ్డుకు పాకేసరికి అత్తవారు దారి పట్టారు. పెళ్లాం ఒక్కతే ఆగి అడిగింది: "ఇప్పుడు మా నాన్నకి ఏం పెట్టమంటావు?"

నీతి: ముసలితనంలో మొదలుపెట్టినా సాధన సాధనే, దాన్ని చేతకానితనం అనుకున్నవాడికి పస్తులే.